నూట ముప్పైలోంచి పది

మార్చి 3

ఒరేయ్ తమ్ముడూ,

కులాసా కబుర్లు తర్వాత. ముందు పని సంగతి. నువ్వు నాకు లెక్కలు నేర్పాలి.

నవ్వుతావని తెలిసే ఫోన్ చేయలేదు. ఫోన్‌లో అయితే నువ్వు నవ్వడం, నేను అరవడం, మధ్యలో మా మరదలు ఫోన్ లాక్కుని రాజీ చేయడం, ఇదే అవుతుంది. పైగా లెక్క అనేది కాగితం మీద ఉండాలి గానీ చెవిలో చెబితే నాకు ఎక్కదు.

ఇక్కడ కొత్తగా శిక్షణ కేంద్రం పెట్టారు. కిటికీలూ గేట్లూ చేసే షాపుల్లో సరుకు బయటికి పోయేముందు కొలిచి చూసి, బాగుంటే ముద్ర వేసి, బాగోకపోతే వెనక్కి పంపే తనిఖీ పని ఉంటుంది చూడు, అది నేర్పుతారట. వయసు అడ్డం లేదు. లెక్కల పరీక్ష ఒకటి గట్టెక్కాలి. భిన్నాలు, దశాంశాలు, శాతాలు. మే నెలాఖరుకి పరీక్ష.

ఈ వయసులో నాకు చదువు మీద ప్రేమ పుట్టుకొచ్చిందనుకోకు. ప్రేమ కాదు, పగ. రెండేళ్ళ క్రితం షాపులోంచి నన్ను ఎలా పంపేశారో నీకు తెలుసు. తెలిసినా మళ్ళీ చెబుతాను, చెప్పినప్పుడల్లా నాకు కొత్త ఓపిక వస్తుంది. హాస్టల్ కిటికీల ఫ్రేములు ఒక్కటీ గోడలో పట్టక లారీ నిండా తిరిగొచ్చాయి. కొలత తెచ్చింది ఫోర్‌మన్. ఇనుము కోసింది నేను. వాడు యజమాని ముందు నా వైపు వేలు చూపించి, ఆమెకి లెక్క రాదు సార్ అన్నాడు. పద్నాలుగేళ్ళు ఆ మిషన్ మీద కోసినదాన్ని, ఆ ఒక్క మాటతో బయటికి వచ్చాను. ఇప్పుడు ఏ షాపుకి వెళ్ళినా, లెక్క రాని మనిషి అనే పేరు నాకంటే ముందు వెళ్ళి కూర్చుంటోంది.

తనిఖీ మనిషినై ఏదో ఒక రోజు ఆ షాపు గుమ్మంలో నిలబడతాను. వాడు చేయించిన ఫ్రేము కొలిచి, వాడి ముఖం చూస్తూ వెనక్కి పంపుతాను. దానికి ఎన్ని భిన్నాలు కావాలో అన్నీ నేర్పు.

నిన్ను చంకనేసుకుని మోసిన
అక్క


మార్చి 12

అక్కా,

నవ్వాను. తర్వాత నీ ఉత్తరం రెండోసారి చదివి ఊరుకున్నాను. మీ మరదలు మాత్రం ఇంకా నవ్వుతోంది. తనిఖీ ఉద్యోగం నీ కోసమే కనిపెట్టారట. తను కాపురానికి వచ్చిన కొత్తలో, మడతపెట్టిన దుప్పటి మళ్ళీ విప్పి అంచులు కలిశాయో లేదో చూశావట నువ్వు. అది ఇప్పటికీ మర్చిపోలేదు.

మా తరగతి సంగతి చెబుతాను, ధైర్యం వస్తుంది. బస్ డిపో పైన గది మాది. కింద బస్సు కదిలితే చాలు, బల్ల మీద సుద్దముక్కలు దొర్లి పడతాయి. బస్సులు కడిగే ఆవిడ, క్యాంటీన్ వంటమనిషి, ఒక వాచ్‌మన్, ఇంకా కొందరు. అందరూ ఏదో ఒక శిక్షణలో చేరాలని వచ్చినవాళ్ళే. మొదటి వారం తలుపు పక్క కుర్చీల కోసం కొట్టుకుంటారు, పారిపోవడానికి వీలుగా ఉంటుందని. నేను 'తప్పు' అనే మాట వాడను. ఇది ఎలా వచ్చిందో చెప్పండి అంటాను. చెబుతూ చెబుతూ వాళ్ళే మధ్యలో ఆగి నాలిక కరుచుకుంటారు. నిష్పత్తి అనగానే వంటమనిషికి చెమటలు పట్టాయి. నలభై మందికి పట్టే నూనె అరవై మందికి ఎంత పడుతుందయ్యా అంటే కుదుటపడ్డాడు.

ఇక పగ సంగతి. మానుకోమని చెప్పను. చదువంటే ఇష్టమని వచ్చినవాళ్ళు ఎండలు ముదిరేసరికి మానేస్తారు. ఎవరిమీదో కోపంతో వచ్చినవాళ్ళు జ్వరం ఉన్నా వస్తారు. కాబట్టి పరీక్ష దాకా దాన్ని అలాగే ఉంచుకో. అప్పటికి అదే చల్లారుతుంది.

తీసివేతల కాగితం పెడుతున్నాను. ఎలా చేశావో పక్కన రాయి, జవాబు ఒక్కటే రాస్తే ఒప్పుకోను.

నీ తమ్ముడు, ప్రస్తుతం మాస్టారు


మార్చి 24

తమ్ముడూ,

చల్లారుతుందని రాసినందుకు ముందు నీకు అక్షింతలు పడాలి. నాది పాలగిన్నె కాదు చల్లారడానికి.

తీసివేతలు చేసి పంపుతున్నాను. ఒక్కటీ పోలేదు, చూసుకో. ఇంటి తలుపులూ కిటికీలూ కొలిచి ఆ కొలతలు కూడా రాశాను, నువ్వు అడగకపోయినా. దశాంశాల్లో చుక్క ఎక్కడ పెట్టాలో నాకు తెలుసు, చేసిన పనే. భిన్నాలే మింగుడు పడట్లేదు. కింద అంకె పెద్దదయ్యే కొద్దీ విలువ చిన్నదవుతుందని పుస్తకంలో ఉంది. మూడు కంటే ఎనిమిది పెద్దది కదరా. ఇదెక్కడి న్యాయం.

రంగులమ్మ గుర్తుందా? షాపులో ఫ్రేములకి రంగు వేసే ఆవిడ, నా మిషన్ పక్కనే ఆమె స్టాండు ఉండేది. నేను బయటికి వచ్చాక నా గుమ్మం తొక్కింది ఆమె ఒక్కతే. ప్రతి ఆదివారం వస్తుంది, గోళ్ళలో రంగు కూడా పోకుండా. నా ముందు లెక్కల పుస్తకం చూసి, "ఎందుకమ్మా ఈ తలనొప్పి, లెక్కలు అందరికీ రావాలని ఉందా ఏంటి" అంది. నన్ను ఓదార్చాలనే అంటుంది. ఒక్కోసారి ఆ ఓదార్పుకే ఒళ్ళు మండుతుంది. అయినా ఉన్న ఒక్క మనిషినీ పోగొట్టుకోలేక టీ పెట్టి ఇచ్చాను.

శాతాలు ఎప్పుడు మొదలుపెడతావు? తొందరగా కానీ.

అక్క


ఏప్రిల్ 4

అక్కా,

ఒక రొట్టెని ముగ్గురు పంచుకుంటే నీకు వచ్చే ముక్క పెద్దదా, ఎనిమిది మంది పంచుకుంటే వచ్చే ముక్క పెద్దదా? చిన్నప్పుడు అమ్మ నీకూ నాకూ పంచుతుంటే, నీ ముక్క ఎక్కడ తగ్గిందోనని ఎంత గుడ్లప్పగించి చూసేదానివో గుర్తు చేసుకో. న్యాయం అదే.

నీ కొలతల కాగితంలో ఒక చిక్కు ఉంది. ఇల్లు కట్టినప్పటి ప్లాను నా దగ్గరుంది కదా, దానితో పోలిస్తే పొడవులూ వెడల్పులూ అన్నీ ఒకేలా రెండు మూడు మిల్లీమీటర్లు తేడా వస్తున్నాయి. అది నీ తప్పు కాదు, నీ టేపు మొన వంగి ఉంటుంది. దీనికి మా తరగతిలో ఒకాయన దగ్గర మంచి కిటుకు ఉంది. జేబులో టేపు లేనిదే రాడని అందరూ ఆయన్ని టేపు మావయ్య అంటారు. ఏదో ఇనుప ఫ్రేముల షాపులో పెద్ద పనిలో ఉండేవాడట. కిందటేడు కంప్యూటర్‌తో కోసే మిషన్ వచ్చాక మాన్పించారట. ఈ ఊళ్ళో కూతురి దగ్గర ఉంటున్నాడు. లిఫ్టులు బిగించే శిక్షణలో చేరాలని శాతాలతో కుస్తీ పడుతున్నాడు.

ఆయన టేపు మొనని నమ్మడు. పది సెంటీమీటర్ల గీత దగ్గర అంచు పెట్టి, వేలి కణుపుతో టేపు మీద టకటకా కొట్టి, అక్కణ్ణుంచి కొలుస్తాడు. వచ్చినదాంట్లోంచి పది తీసేస్తాడు. చూసి చూసి తరగతంతా అలాగే టేపు మీద కొట్టడం మొదలుపెట్టింది, వాచ్‌మన్ అయితే టేపు లేకపోయినా బల్ల మీద కొడుతున్నాడు. నువ్వూ అలా కొలిచి చూడు. మీ పని చేసినవాడే కాబట్టి నీకూ ఆయనంటే ఇష్టం కలుగుతుంది.

శాతాలు వచ్చేవారం.

తమ్ముడు


ఏప్రిల్ 8

నీ ఉత్తరం అందింది.

వాడి ఎడమ కనుబొమ్మ మధ్యలో తెగి ఉంటుంది, వెల్డింగ్ రవ్వ పడి. మాట్లాడేముందు గొంతు సవరించుకుంటాడు. చూసి రాయి. రాయకపోయినా నాకు తెలుసు. టేపు మీద అలా కణుపుతో కొట్టే మనిషి ఈ లోకంలో ఇద్దరు లేరు.

పది దగ్గర మొదలుపెట్టి కొలిచేది వాడు. ఆ పది తీసేయాల్సింది కూడా వాడే. కిటికీ దగ్గర నిలబడి అక్కడే తీసేసి, నాకు అసలు కొలత తెచ్చి చెప్పేవాడు. నేను ఉన్నన్నాళ్ళూ అలాగే చెప్పాడు. ఆ రోజు తీసేయడం మర్చిపోయాడు. కిటికీ వెడల్పు నూట ఇరవై సెంటీమీటర్లు. టేపు మీద నూట ముప్పై. షాపు గుమ్మంలోంచి నూట ముప్పై అని అరిచాడు, నేను ఇనుము మీద సుద్దతో రాసుకుని కోసేశాను. సరుకు తిరిగొచ్చాక యజమాని ముందు గొంతు సవరించుకుని, "పది వదిలి కొలిచానని చెప్పాను సార్. నూట ముప్పైలోంచి పది తీసేయడం కూడా రాకపోతే నేనేం చెయ్యను" అన్నాడు. చెప్పలేదు తమ్ముడూ. అమ్మ మీద ఒట్టు, చెప్పలేదు. చుట్టూ ఉన్నవాళ్ళు నేల చూశారు. వాళ్ళేం చేస్తారు పాపం, మిషన్ల చప్పుడులో ఎవరికి వినపడింది.

ఎవరి ముఖం చూడాలని నేను చదువుతున్నానో వాడు అసలు ఆ షాపులోనే లేడన్నమాట. రంగులమ్మ ఒక్క ముక్క చెప్పలేదు, నా మనసు కష్టపెట్టకూడదని కాబోలు. పోనీ, దేవుడు వాణ్ణి తెచ్చి నీ ముందు కుర్చీలో కూర్చోబెట్టాడు. వాడికి శాతాలు తిప్పి నేర్పు. వందతో భాగించాల్సిన చోట గుణించమను. నువ్వు మాస్టారివి, ఏం చెప్పినా నమ్ముతాడు. పరీక్షలో అందరి ముందూ లెక్క రాని మనిషి అనిపించుకుని బయటికి రావాలి. అప్పుడు నా కడుపు నిండుతుంది.

ఇంకెప్పుడూ వాణ్ణి 'ఆయన' అనకు.

అక్క


ఏప్రిల్ 17

అక్కా,

కనుబొమ్మ తెగే ఉంది. ఇన్నాళ్ళు ఎదురుగా కూర్చోబెట్టుకుని అతని జోకులకి నవ్వినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

కానీ తప్పు నేర్పను. తిట్టుకో. ఒక్కడికి తప్పు నేర్పానంటే, మర్నాడు బస్సులు కడిగే ఆవిడ బోర్డు మీద అంకె చూసి, ఇది నిజమేనా మాస్టారూ అని అడిగే హక్కు ఉంటుంది. ఆవిడ తెల్లవారకముందే లేచి, బస్సులన్నీ కడిగి, తడిచేతులతో వస్తుంది నా దగ్గరికి. నేను చెప్పింది నిజమన్న నమ్మకం తప్ప ఆ గదిలో ఇంకేమీ లేదు.

అయితే నేనూ నీ తమ్ముణ్ణే. మంగళవారం బోర్డు మీద ఒక లెక్క రాశాను. ఒకడు టేపుని పది దగ్గర పెట్టి కిటికీ కొలిచాడు. నూట ముప్పై వచ్చింది. ఇనుము కోసే ఆమెతో నూట ముప్పై అన్నాడు. ఆమె నూట ముప్పై కోసింది. తేడా ఎంత, తప్పు ఎవరిది?

తేడా అందరూ చెప్పారు. తప్పు దగ్గర గది వేడెక్కింది. "కొలిచినవాడిదే, కోసేదానికి కిటికీ కనపడదు కదా" అంది బస్సులావిడ. వంటమనిషీ వాచ్‌మనూ అదే మాట. నేను అతని వైపు తిరిగి, మీరేమంటారు అన్నాను. గొంతు సవరించుకుని, "చెప్పే ఉంటాడు మాస్టారూ. మిషన్ చప్పుడులో ఆమెకి వినపడి ఉండదు" అన్నాడు. బస్సులావిడ వదల్లేదు. "నూట ముప్పై వినపడిన చెవికి పది ఎందుకు వినపడలేదు?" అంది. అతను లేచాడు. టేపు జేబులో పెట్టుకుని కిందకి దిగిపోయాడు.

ఆ కాసేపూ నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

తమ్ముడు


ఏప్రిల్ 23

మాస్టారు గారికి,

తమరి ఉత్తరం అందింది. నా బతుకు తీసుకెళ్ళి బోర్డు మీద లెక్కగా రాసినందుకు సంతోషం. ముక్కూ మొహం తెలియనివాళ్ళు నాకు తీర్పు చెప్పారు, మరీ సంతోషం. వాడు మాత్రం ఏమైంది? మెట్లు దిగి, ఇంటికెళ్ళి, కూతురు వడ్డిస్తే తిని పడుకున్నాడు. తమరికి హాయిగా ఉంది. నాకేం మిగిలింది?

ఇంకో సంగతి. కాగితాలు సర్దుతుంటే నువ్వు మొదట పంపిన లెక్కలు కనిపించాయి. నేను అడిగింది భిన్నాలు, శాతాలు. నువ్వు పంపింది తీసివేతలు. ఎందుకురా? లెక్క రాని మనిషని వాడంటే, చూద్దాం నిజమేనేమోనని నువ్వు కాగితం పంపావు. నేను పిచ్చిదానిలా ఒక్కటీ పోకుండా చేసి, గొప్పగా చూసుకోమని రాశాను. ఆ రోజు నువ్వూ మా మరదలూ ఊపిరి పీల్చుకుని ఉంటారు.

ఇక లెక్కలు పంపొద్దు. వచ్చినంతే వస్తుంది నాకు.

మీ అక్కగారు


మే 2

అక్కా,

నువ్వు 'గారు' పెట్టేసరికి అమ్మ పోయినప్పటికంటే ఎక్కువ భయం వేసింది నాకు.

కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళకీ నేను మొదట ఆ కాగితమే ఇస్తాను. చిన్న అంకెలతో చెయ్యి తిరగనిమ్మని. అతనికీ అదే ఇచ్చాను. అతను అందులో రెండు తప్పాడు. నమ్మితే నమ్ము, లేకపోతే లేదు.

ఇప్పుడు జరిగింది విను. వారం పాటు రాలేదు. తర్వాత ఒకరోజు, తరగతి అయిపోయి అందరూ వెళ్ళాక వచ్చి, కూర్చోకుండా నిలబడ్డాడు. "ఆ లెక్కలో కోసిన మనిషి మీకేమవుతుంది మాస్టారూ" అన్నాడు. మా అక్క అన్నాను. కుర్చీ వీపు పట్టుకుని, "అయితే నాకు సంతకం పెట్టరా" అన్నాడు.

లిఫ్టుల శిక్షణకి మా తరగతి నుంచి సంతకం కావాలి, ఇతను వచ్చాడు, నేర్చుకున్నాడు అని. నేర్చుకున్న మాట నిజం. పెడతాను అన్నాను. "కానీ మీ చేతికి ఇవ్వను. ముందు ఆ షాపుకి వెళ్ళండి. ఎవరి ముందు ఆ మాట అన్నారో వాళ్ళందరి ముందూ నిజం చెప్పండి. మా అక్క అక్కడ నిలబడి వినాలి. తర్వాత ఇస్తాను" అన్నాను.

"ఇప్పుడెందుకు మాస్టారూ, అందరూ మర్చిపోయారు" అన్నాడు.

"మా అక్క మర్చిపోలేదు" అన్నాను.

సంతకాన్ని బేరం పెట్టడం మాస్టారు చేసే పనా అని మీ మరదలు నాతో మాట్లాడటం మానేసింది. అన్నం గిన్నె ముందు పెట్టి వెళ్ళిపోతోంది. ఆమె అన్నది నిజమే అయినా నేను మార్చుకోను. అతను పదిహేనో తారీకున టీ వేళకి వస్తానన్నాడు. నువ్వు వెళ్ళు.

శాతాల కాగితం పెడుతున్నాను. కోపం నా మీద చూపించు, లెక్కల మీద కాదు.

తమ్ముడు


మే 19

తమ్ముడూ,

వెళ్ళాను.

మంచి చీర కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని వెళ్ళాను. నా మిషన్ ఉన్న చోట కొత్తది పెట్టారు, బీరువా అంత ఉంది, దానికి అద్దం కూడా ఉంది. అందరూ టీ గ్లాసులు పట్టుకుని గోడవారగా కూర్చున్నారు. యజమాని తన గది గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. వాడు వచ్చాడు. నలిగిపోయాడు, చొక్కా భుజాల మీంచి జారుతోంది. నాకు జాలి వేస్తుందేమోనని భయపడ్డాను, వేయలేదు.

గొంతు సవరించుకున్నాడు. "ఆ హాస్టల్ కిటికీల కొలతలో పది తీసేయడం నేనే మర్చిపోయాను. ఆమెకి చెప్పానన్నది అబద్ధం. తప్పు నాది" అన్నాడు. గట్టిగానే అన్నాడు, అందరికీ వినపడేలా.

ఈ మాట తర్వాత ఏమవుతుందో నేను రెండేళ్ళుగా ఊహించుకుంటూనే ఉన్నాను. గ్లాసులు కింద పెట్టేస్తారని, నోళ్ళు తెరుస్తారని, వాణ్ణి తలో మాటా అంటారని. ఒక్కడూ గ్లాసు దించలేదు. వెల్డర్ టీ ఊదుకుంటూ, "ఆ సంగతి తెలిసిందేగా. లారీ తిరిగొచ్చిన రోజే నువ్వు మాతో అన్నావు కదా మావా, కొంప మునిగింది, పది తీసేయడం మర్చిపోయానని" అన్నాడు. మామూలుగా అన్నాడు తమ్ముడూ, ఎండ ఎక్కువగా ఉంది అన్నట్టు.

యజమాని వైపు చూశాను. "పాత సంగతి వదిలెయ్యమ్మా. కావాలంటే సోమవారం నుంచి రా, సరుకు ఎత్తే పని ఉంది" అన్నాడు. అంటే వాడికీ తెలుసు.

అందరికీ తెలుసు. ఆ రోజు నేల చూసింది తెలియక కాదు, తెలిసే. రంగులమ్మ స్టాండు పక్కన నిలబడి కుంచె గుడ్డతో తుడుస్తూ ఉంది, తుడిచిందే తుడుస్తూ. దగ్గరికి వెళ్ళి, "నీకూ తెలుసా" అని అడిగాను. తల ఎత్తలేదు. "ఉద్యోగం పోతుందని భయమేసింది అమ్మా. అందుకే కదా ప్రతి ఆదివారం వచ్చాను" అంది.

నా టీ తాగి, నా మంచం మీద కూర్చుని, లెక్కలు అందరికీ రావాలని ఉందా ఏంటి అంది. నిజంగానే ఆ రోజు వాడు పది అన్నాడేమో, నేనే వినలేదేమోనని ఆమె వెళ్ళాక ఎన్నిసార్లు ఏడ్చానో నీకెప్పుడూ రాయలేదు. వాడు నా ఉద్యోగం తీసుకున్నాడు. ఈమె నా మీద నాకున్న నమ్మకాన్ని ఆదివారం ఆదివారం వచ్చి కొంచెం కొంచెంగా పట్టుకుపోయింది.

వాడు గేటు దగ్గర నా కోసం ఆగాడు. ఏదో ఒకటి అంటానని చూశాడు. చెప్పావు, విన్నాను, వెళ్ళు అన్నాను. వాడికి సంతకం ఇచ్చెయ్, మాటంటే మాట. నేను క్షమించానని మాత్రం చెప్పకు. క్షమించలేదు. ఒక్కడి మీద పెట్టుకున్న పగని ఇప్పుడు షాపంతటికీ పంచాలి. పంచినా తగ్గట్లేదు. మా మరదలికి చెప్పు, తప్పు చేసింది నువ్వే గానీ చేయించింది నేనని. ఆమె మాట్లాడకపోతే నువ్వు ఉండలేవు.

ఆ షాపుకి సరుకు ఎత్తడానికి వెళ్ళను. పరీక్ష ముప్పయ్యో తారీకున. వెళ్తే ముద్ర చేతిలో పట్టుకునే వెళ్తాను.

నిన్న ఆదివారం. రంగులమ్మ వచ్చింది. "ఉన్నావా అమ్మా, ఒక్కసారి తలుపు తియ్యి" అని కొట్టింది. ఎంతసేపో నిలబడింది. ఏడ్చింది కూడా. నేను తలుపుకి ఇవతల కూర్చుని నువ్వు పంపిన శాతాలు చేసుకున్నాను. ఆమె వెళ్ళేలోపు కాగితం అయిపోయింది. ఒక్కటీ తప్పు పోలేదనే అనుకుంటున్నాను, చూసి పంపు.

అక్క